పంటు కింద దిమ్మలు

పదకొండేళ్లుగా ఒక చిన్న మాటను మోస్తున్నాను. నోట్లోంచి ఆనాడే బయటపడింది, బరువు మాత్రం లోపలే ఉండిపోయింది. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

అప్పుడు నేను భద్రాచలం దగ్గర గోదావరి మీద తిరిగే ఒక పంటుకు సూపర్‌వైజర్ని. రెండు పొడుగాటి ఇనుప గొట్టాల మీద పలకలు పరిచిన పడవ అది. యాత్రికులను తిప్పేవాళ్లం. మా ఊరు ముదిగొండ. చేతిలో కొత్త డిప్లొమా, జేబులో టేపు. పంటు నడిపేది జోగయ్య, చర్ల వైపు గూడెం మనిషి, నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. ఒడ్డున రేకుల షెడ్డులో ఇద్దరమే ఉండేవాళ్లం. నేను అన్నం వండితే అతను చేపలు కాల్చేవాడు. ముళ్లు తీసి నా పళ్లెంలో వేసేవాడు. అక్కడ నాకున్న మనిషి అతనొక్కడే.

ఎండాకాలం నీళ్లు తగ్గాక పంటును ఒడ్డుకు లాగి, చైన్లతో పైకెత్తి, గొట్టాల కింద చెక్క దిమ్మలు పెట్టి రంగు వేయాలి. దిమ్మలు ఎక్కడ పెట్టాలన్నదే అసలు పని. జోగయ్య వేలి కణుపులతో గొట్టాన్ని కొట్టుకుంటూ నడిచాడు. ఖంగుమన్నచోట ఆగలేదు. మొద్దుగా పలికినచోట ఆగాడు.

"గిక్కడ పెట్టాలె సారూ. లోపల బరువాపే అడ్డరేకు ఈడనే ఉంది. ఉత్త గొట్టం మీద బరువు పడితే సొట్టపోతది."

"టేపుతోటి కొలిచిన జోగన్నా. దూరం సమానంగుండాలె. నేను గీత గీసిన కాడనే పెట్టు."

"మీ ఇష్టం సారూ."

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, నేను అదే. నిజం చెప్పనా? ఆ చప్పుడులో తేడా నాకూ వినిపించింది. కానీ చదువుకున్నవాణ్ని, పడవ నడిపేవాడి దగ్గర నేర్చుకోవడమేమిటన్న పొగరు నా చెవులు మూసింది.

వానలు పడ్డాక పంటును నీళ్లలోకి దించాం. మధ్యాహ్నానికి అది ఎడమవైపు ఒరిగింది. నేను గీత గీసినచోటే గొట్టం సొట్టపోయి, అతుకు విడిపోయి, నీళ్లు పట్టాయి. అందులో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. యజమాని ఊగిపోతూ వచ్చాడు.

"దిమ్మలు పెట్టిందెవడు? జోగయ్యేనా?"

"అవ్ సార్," అన్నాను.

జోగయ్య నా పక్కనే నిలబడి ఉన్నాడు. నావైపు చూశాడు. ఇంకా ఏదో చెబుతానని ఆగాడనుకుంటాను. నేను నది వైపు చూశాను. యజమాని అతణ్ని రేపటి నుంచి రావద్దన్నాడు. జోగయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. పడవ పాడు చేసినవాడన్న పేరు అతనికంటే ముందే రేవులన్నీ తిరిగింది. మళ్లీ ఎవరూ అతని చేతికి పడవ ఇవ్వలేదు.

నేనన్నది అబద్ధమా? పెట్టినవి అతని చేతులే కదా? ఇలా ఎన్నిసార్లు నాకు నేనే వకాల్తా పుచ్చుకున్నానో. ఆదివారం ప్రార్థనలో తెలిసీ తెలియక చేసిన తప్పులు క్షమించమని అందరం అడుగుతాం. నేను ప్రతిసారీ 'తెలియక' అన్న మాట వెనక దాక్కుంటాను. దొంగకు తేలు కుట్టినట్టు ఎవరికీ చెప్పుకోలేదు. ఇంట్లో మనుషులున్నారు, అయినా ఒంటరివాణ్నే. ఇలాంటిది చెప్పుకోగల మనిషి ఒకే ఒక్కడుండేవాడు. అతణ్ని నేనే పంపేశాను.

నాలుగేళ్ల క్రితం చర్ల దారిలో మిరప చేలో కనిపించాడు. కాయలు కోస్తున్నాడు. గట్టు మీదికొచ్చి అడిగాడు, "ఆ ఎడమ గొట్టం బాగైందా సారూ?"

తిట్టినా బాగుండేది. బాగైందని చెప్పి బండి స్టార్ట్ చేశాను. దారిలో ఏడ్చాను. వెనక్కి మాత్రం తిరగలేదు.

ఇప్పుడు చెబితే అతని రేవు అతనికి తిరిగి రాదు. అతని ఎదుట నిలబడే ధైర్యం ఇవాళ్టికీ నాకు లేదు. అయినా ఆనాడు సగంలో ఆపిన జవాబును ఒక్కసారైనా పూర్తి చేయాలి.

అవ్ సార్, దిమ్మలు పెట్టింది జోగయ్యే. అక్కడ పెట్టమన్నది నేను. అతను వద్దన్నాడు.