బాపు మింగిన మాట

నేను టీవీలో కామెడీ రాస్తాను, వేషమూ కడతాను. ఈ మాట చెప్పుకోవడానికి నాకు ఇసుమంత మొహమాటం లేదు. బోధన్ చెరుకు పొలాల నుంచి వచ్చి, మా యాసను దొంగకో పనివాడికో కాకుండా, స్కిట్టంతా తన చుట్టూ తిప్పుకునే పెద్దమనిషి నోట పెట్టినవాణ్ని.

ఆ పెద్దమనిషి మా బాపే. ఊళ్లో ఎవరింటి సంగతి అడిగినా ముందు "నాకేమెరుక?" అంటాడు. తల మీది రుమాలు విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకుంటాడు. ఆ తర్వాత పెళ్లిచూపుల్లో పెట్టిన గారెల నుంచి మేనమామ అలక దాకా పూసగుచ్చినట్టు చెబుతాడు. నేను చేసిందల్లా ఆయన్ని ఎత్తుకెళ్లి కెమెరా ముందు నిలబెట్టడమే. కొన్నాళ్లకే నిజామాబాద్ బస్టాండులో జనం నన్ను చూసి "నాకేమెరుక" అని కేకలు పెట్టారు. ఛాతీ ఉబ్బిపోయింది నాకు.

ఆ వానాకాలం ఇంటికి వెళ్లాను. పక్కింటాయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"అన్నా, మనోళ్ల పిల్లకు వచ్చిన నందిపేట్ సంబంధం ఏమాయెనే?"

"ఏమో" అన్నాడు బాపు. అంతే. రుమాలు కూడా కదల్లేదు.

ఆ పూట నాకు అన్నం సయించలేదు. కన్నతండ్రిని నలుగురిలో నవ్వులపాలు చేశాను, అందుకే నోరు కట్టేసుకున్నాడనుకున్నాను. ఆ వేషం మానేస్తానని డైరెక్టరుకు చెప్పడానికే నిశ్చయించుకున్నాను. నాకు పేరు తెచ్చిందీ, అన్నం పెడుతున్నదీ అదొక్కటే.

తెల్లారి పొలానికి పోతుంటే కాలువ గట్టు మీద అడిగేశాను.

"బాపూ, టీవీల నిన్ను జేసి నవ్విపిస్తున్నని కోపమొచ్చిందా?"

"కోపమెందుకురా?"

"మరి గా మాట అంటలేవెందుకు?"

ఇంత తెలివిలేనివాడు టీవీలో ఎలా నెగ్గుకొస్తున్నాడన్నట్టు చూశాడు నన్ను.

"గది ఇప్పుడు నీ బతుకుదెరువు కద కొడుకా. నేను గీడ అందరి ముంగట ఊకె అనుకుంట తిరిగితే, టీవీల నిన్నెవరు సూస్తరు? నోటి కాడికొస్తది. మింగుతున్న."

నాకు ఏడుపొచ్చింది. మా బాపు ఊరి సంగతులు కడుపులో పెట్టుకుని ఇన్నాళ్లు ఎలా ఉన్నాడో ఆ దేవుడికే తెలియాలి.

"నువ్వు గా మాట అంటేనే నాకు కొత్త ముచ్చట్లు దొరుకుతయి బాపూ. నువ్వు ఆపితే నా దుకాణం బంద్."

"నిజమేనా?"

"నీ మీదొట్టు. గంతెందుకు, నందిపేట్ సంబంధం ఏమైంది?"

బాపు అటూ ఇటూ చూశాడు. రుమాలు విప్పాడు, దులిపాడు, తీరిగ్గా చుట్టుకున్నాడు.

"నాకేమెరుక?" అన్నాడు.

ఇక ఎండ నెత్తికెక్కేదాకా ఆగలేదు. నేను టీవీలో చేసేది అందులో సగం కూడా కాదు.