నీళ్ళలో నిలకడ పరీక్ష

మనిషి నీళ్ళలో మునిగి పరువు పోగొట్టుకోవచ్చు, తేలి కూడా పోగొట్టుకోవచ్చు. పిల్లనివ్వాల్సిన పెద్దమనిషి కళ్ళముందు, ఒకే ఉదయం, ఒకే కొలనులో ఆ రెండూ సాధించిన ఘనుణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను. పోటీకి ఎవరైనా ఉంటే రండి, కూర్చుని మాట్లాడుకుందాం. చాయ్ ఖర్చు నాది.

తొంభైల నాటి మాట. మేము చిక్కడపల్లిలో ఉండేవాళ్ళం. ఉద్యోగంలో చేరడమంటే నాకు భయం లేదు, మానేయడమంటే అసలే లేదు. మందుల కంపెనీ బ్యాగు మోశాను, ఎండ ఎక్కువైందని దించాను. ఎస్టీడీ బూత్‌లో కూర్చున్నాను, ఊళ్ళోవాళ్ళ ఇంటి గొడవలన్నీ వినాల్సి వస్తోందని లేచాను. కంప్యూటరు కోర్సులో చేరాను, ఆ తెర చూస్తే తలనొప్పి వచ్చింది. అప్పటికి బషీర్‌బాగ్‌లో ఒక చిన్న ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉన్నాను. అక్కడా కిటికీ పక్క కుర్చీ ఇవ్వలేదని మనసు విరిగే దశలో ఉంది.

నారాయణగూడలో ఒక బడిలో లెక్కలు చెప్పే స్వర్ణ అంటే నాకు ప్రాణం. ఆమెకూ నేనంటే ఇష్టమే. కాకపోతే లెక్కల టీచరు కదా, మార్కులు కోస్తూ ఇష్టపడేది. వాళ్ళిల్లు అశోక్ నగర్. వాళ్ళ నాన్న నరహరి గారు చేరిన ఆఫీసులోనే, కూర్చున్న కుర్చీలోనే రిటైరైన మనిషి. మధ్యలో ఆ కుర్చీకి వైరు రెండుసార్లు మార్చారట గానీ, ఆయన మాత్రం మారలేదు.

ఒక సాయంత్రం ధైర్యం చేసి వాళ్ళింటికి వెళ్ళి విషయం చెప్పాను. ఆయన అంతా విని, నేను అక్కడ లేనట్టే కూతురితో అన్నారు.

"పిల్లగాడు మంచోడే. మాట మంచిగున్నది. గని నిలకడ లేదమ్మా."

"నిలకడ లేదని ఎట్లంటరు సార్?" అన్నాను.

"పోయిన దసరాకు ఏ ఆఫీసుల ఉన్నవ్?"

చెప్పాను.

"అంతకుముందు దసరాకు?"

అదీ చెప్పాను.

"ఇంకో దసరా అడగాల్నా?"

"వద్దు సార్."

ఇక్కడ నేను నోరు మూసుకుని ఇంటికి పోయి ఉంటే మీకు ఈ కథ దక్కేది కాదు. మా వంశంలో ఎవరికీ ఆ అలవాటు లేదు. అప్పటికే, ఆ చలికాలంలో, స్నేహితులతో గోవా వెళ్ళి, గాలి సిలిండరు కట్టుకుని సముద్రంలో దిగడం నేర్చుకుని వచ్చాను. నేర్చుకోవడమంటే ఏమిటో కూడా చెప్పేస్తాను. అక్కడి శిక్షకుడు నా నడుముకు సీసం దిమ్మల బెల్టు తనే కట్టాడు. వీపున సిలిండరు తనే బిగించాడు. గాలి పడితే తేల్చే, గాలి తీస్తే ముంచే జాకెట్టొకటి ఉంటుంది, దాని బటన్లు కూడా తనే నొక్కాడు. నేను చేసిందల్లా ఊపిరి పీల్చడం. అది నాకు పుట్టినప్పటి నుంచీ వచ్చు.

"సార్, నాకు నిలకడ లేదని మీరొక్కరే అంటున్నరు," అన్నాను. "నేను నీళ్ళల్ల దిగుడు నేర్చుకున్న. అడుక్కు పోవద్దు, పైకి తేలొద్దు, నడిమిట్ల కదలకుండ ఉండాలె. దాంట్ల అసలు విద్యే అది. దానికెంత నిలకడ కావాలె మీరే చెప్పుండ్రి."

నరహరి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"కదలకుండనా?"

"మఠమేసుకొని కూసుంట సార్. కాలు అడుగు తాకది."

"ఎంతసేపు?"

"మీరు చాలనేదాంక."

"సరే. చూపెట్టు. చూసినంకనే మిగతా మాట."

స్వర్ణ నావైపు చూసింది. తప్పు జవాబు రాసి, అందరికంటే ముందు పేపరు ఇచ్చేసిన పిల్లవాణ్ణి చూసే చూపు అది. గేటు దాకా వచ్చి మెల్లగా అడిగింది.

"నీకు నిజంగ వస్తదా?"

"గోవాల చేసిన కద."

"నువ్వు చేసినవా, నీతోని చేయించిండ్రా?"

"రెండూ ఒకటే."

"ఒకటి కాదు. నాన్న కళ్ళతోని చూసి వద్దంటే మల్ల నేను ఒప్పియ్యలేను. కరీంనగర్ సంబంధమోళ్ళు రెండుసార్లు ఫోన్ చేసిండ్రు. నువ్వు ఆలోచించుకో."

ఆలోచించుకోవాల్సింది అప్పుడే. నేను మాత్రం నేరుగా యాదగిరి దగ్గరికి పోయాను. యాదగిరి నా చిన్ననాటి స్నేహితుడు, చిక్కడపల్లిలో కిరాణా కొట్టు వాడిది. వాళ్ళ మేడ మీద కిరాయికుండే కాంట్రాక్టరు డ్యాముల గేట్లకు నీళ్ళలో మనుషుల్ని దింపి మరమ్మతులు చేయించేవాడు. అతని సామాను యాదగిరి గోదాములో పప్పు బస్తాల పక్కన పడి ఉండేది. పగలగొట్టకుండా తెచ్చివ్వండి చాలన్నాడు ఆ మహానుభావుడు.

సామాను చూసి నేను కొంచెం తగ్గాను. గోవా సిలిండరు చూడటానికి ముద్దుగా ఉండేది. ఇది ఇనుముది, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవలేదు. జాకెట్టు నాలాంటివాళ్ళు ఇద్దరు దూరేంత ఉంది. గోవాలో పక్కనున్న బటన్ ఇక్కడ పైన ఉంది, పైనున్నది పక్కన ఉంది. బరువుల బెల్టయితే లేనే లేదు, డ్యాము దగ్గర ఉండిపోయిందట.

"బెల్టు లేకుంటే ఏమైతది?" అన్నాడు యాదగిరి.

"తేలిపోత."

"అది బెల్టున్నా అయితది. ఎంత బరువు గావాలె?"

"ఎనిమిది కిలోలు. గోవాల గంతనే కట్టిండ్రు."

నా కళ్ళు కొట్లోని తక్కెడ మీద, దాని పక్కనున్న తూకపు రాళ్ళ మీద పడ్డాయి. యాదగిరి నా చూపు పసిగట్టి తక్కెడకు అడ్డంగా నిలబడ్డాడు.

"బాట్లు నీకిస్తే నేను పప్పు దేనితోని తూయాలె?"

"ఒక్క పొద్దుగాలకే కద భాయ్. నా పెండ్లి మాట."

"సరే. గని నేను గూడ వస్త. నీ మీద నమ్మకం లేక కాదు, నా బాట్ల మీద పాణం."

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, నా తెలివి ఎంత లోతుదో మీకు తెలియాలి. గోవాలో నాకు మందపాటి రబ్బరు సూటు వేశారు. అది తేలుతుంది కాబట్టి దాన్ని ముంచడానికి ఎనిమిది కిలోలు కట్టారు. పైగా ఉప్పునీరు మనిషిని ఎత్తిపడుతుంది. ఇక్కడ కొలనులో మంచినీళ్ళు, ఒంటి మీద చెడ్డీ, వీపున ఇనుప సిలిండరు. అసలు నాకు ఒక్క కిలో కూడా అక్కర్లేదు. ఈ సంగతి తర్వాత ఆ కాంట్రాక్టరు కళ్ళు తుడుచుకుంటూ చెప్పాడు, నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు వచ్చాయి పాపం.

ఆదివారం పొద్దున దోమలగూడలోని ఈతకొలను దగ్గర కలిశాం. కోచ్ మా వీధివాడే, పిల్లల బ్యాచ్ వెళ్ళాక దిగమన్నాడు. నరహరి గారు ఇస్త్రీ చొక్కాతో వచ్చి కుర్చీలో కూర్చున్నారు. స్వర్ణ పక్కన నిలబడింది. యాదగిరి పాత లుంగీని మెలిపెట్టి అందులో బాట్లు చుట్టి నా నడుముకు కట్టాడు. కుడివైపు ఐదు కిలోలది, ఎడమవైపు రెండు కిలోలది, కిలోది.

"రెండు దిక్కుల సమానంగ లేదు కద," అన్నాడు.

"నీళ్ళల్ల అన్నీ సమానమే," అన్నాను. ఆ మాట విని స్వర్ణ కళ్ళు మూసుకుంది.

దిగాను. దిగడమనేది గౌరవం కొద్దీ వాడుతున్న మాట, నిజానికి పడ్డాను. కళ్ళు తెరిచేసరికి కొలను అడుగున, కుడివైపు ఒరిగి, గోడకు ఆనించిన నిచ్చెనలా నిలబడి ఉన్నాను. పైన జరిగిన మాటలు తర్వాత యాదగిరి పూసగుచ్చినట్టు చెప్పాడు.

"నడిమిట్ల అన్నడు. ఇది అడుగు కద?" అన్నారు నరహరి గారు.

"ముందుగాల అడుగు చూసి వస్తడు సార్," అన్నాడు యాదగిరి.

కింద నేను జాకెట్టులోకి గాలి ఎక్కించాలని పై బటన్ నొక్కాను. ఉన్న కాస్త గాలి బుడగలుగా పోయింది. ఓహో ఇది తీసేది కాబోలనుకుని పక్కది నొక్కాను. ఏమీ కాలేదు. ఇంకా నొక్కాను. అప్పటికీ కదల్లేదు. నాకు ఓపిక లేదని మీకు ముందే తెలుసు, నొక్కిన వేలు తీయలేదు. ఉన్నట్టుండి కాళ్ళు లేచాయి, ఆ తర్వాత నన్ను ఆపేవాళ్ళు లేకపోయారు. నడుము దాకా నీళ్ళలోంచి బయటికి లేచి మళ్ళీ పడ్డాను.

"పైకొచ్చిండు," అన్నారు నరహరి గారు.

"దమ్ము తీసుకుంటున్నడు సార్."

"సిలిండర్ల ఉండేది ఏంది మరి?"

నేను నోట్లోని గాలి గొట్టం తీసి, "జర సెట్ చేసుకుంటున్న సార్," అని మళ్ళీ మునిగాను. మళ్ళీ అడుగు తగిలింది. మళ్ళీ పైకొచ్చాను. మూడోసారి మాత్రం భగవంతుడు దయ చూపాడు. గాలి కొంచెం ఎక్కించాను, కొంచెం తీశాను, మధ్యలో ఆగాను. నిజంగానే ఆగాను. అడుగు తగల్లేదు, పైకి పోలేదు. గర్వంతో గుండె ఉప్పొంగింది, మాట ఇచ్చినట్టే మఠం వేశాను.

మఠం వేయడానికి కాళ్ళు పైకి లాగితే నడుము సన్నబడుతుందని నాకేం తెలుసు. లుంగీ వదులైంది, ఒళ్ళు ముందుకు తూలింది. బాట్లన్నీ ఛాతీ మీదికి వచ్చాయి. తల కిందికి, కాళ్ళు పైకి తిరిగాయి. జాకెట్టులోని గాలంతా నడుము వైపుకు పోయింది. గాలి తీసే గొట్టం భుజం దగ్గర, అంటే ఇప్పుడు కింద ఉంది. ఎంత నొక్కినా గాలి రాలేదు. కంగారులో రెండు బటన్లూ కలిపి నొక్కాను. అంతలో లుంగీ తల మీదుగా జారి, బాట్లతో సహా అడుగుకు పోయింది. నేను పాదాలు ముందుగా పైకి తేలాను. నరహరి గారికి కనిపించినవి నా రెండు అరికాళ్ళు.

"ఇదేం ఆసనం?" అన్నారాయన.

"నా బాట్లు," అన్నాడు యాదగిరి.

కోచ్ వెదురుకర్రతో నన్ను వెల్లకిలా తిప్పి గట్టు దగ్గరికి లాగాడు. జాకెట్టు పూరీలా ఉబ్బి నా పక్కటెముకలు నొక్కేస్తోంది. చేతులు బారచాపి, నోట్లో రబ్బరు గొట్టంతో ఆకాశం చూస్తూ పడి ఉన్నాను. మునగలేను, పోలేను, మాట్లాడలేను. నరహరి గారు కుర్చీని గట్టు అంచుకు జరుపుకుని నా మీదికి వంగారు.

"ఇప్పుడు ఎటన్న పోతవా?"

లేదని తల ఊపాను.

"మునుగుతవా?"

లేదు.

"ఇప్పుడు జర నిలకడ కనబడుతున్నది. కూసొని మాట్లాడుదాం. బషీర్‌బాగ్ ఆఫీసు ఇడుస్తవని విన్న. ఇడుస్తవా?"

లేదు.

"కుర్చీ యాడ ఏసినా చేస్తవా?"

చేస్తానన్నట్టు ఊపాను.

"రిటైరైదాంక?"

ఇంకెప్పుడైనా ఆ ప్రశ్న అడిగి ఉంటే మనిషి స్వేచ్ఛ గురించి అరగంట చెప్పేవాణ్ణి. కళ్ళు తిప్పి స్వర్ణను చూశాను. చెప్పులు విడిచి గట్టున కూర్చుని ఉంది. నవ్వడం లేదు. ఆ జవాబు కోసం నాకంటే ఎక్కువ భయపడుతోంది. ఇన్నాళ్ళూ నేను ఆఫీసులు మారినప్పుడల్లా ఆమె లోలోపల ఏం పడిందో అప్పుడు తెలిసింది. నాకు నిజంగా సిగ్గేసింది. తల ఊపాను.

"గట్టిగ ఊపు. నీళ్ళకు ఊగినట్టున్నది."

మెడ విరిగేలా ఊపాను.

"మంచిది. పంతులును పిలుస్త," అని ఆయన లేచారు.

స్వర్ణ నా మీదికి వంగింది. "గాలి తీసే బటన్ ఏది?"

వేలితో చూపించాను. ఆమె నొక్కింది. జాకెట్టు ఇంకా బిగిసింది.

"నువ్వు చూపెట్టకు," అని రెండోది నొక్కింది. కొలనంతా వినబడేలా బుస్సుమని శబ్దం వచ్చింది.

"పోయిందా గాలి?" అన్నారు నరహరి గారు, వెనక్కి తిరగకుండానే.

"మొత్తం పోయింది నాన్న."

పెళ్ళయింది. ఉద్యోగం మారలేదు. పంచభూతాల సాక్షిగా, ముఖ్యంగా నీటి సాక్షిగా, ఇకమీదట ఏ మామగారి ముందూ, ఏ కొలనులోనూ నిలకడ ప్రదర్శించనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ ప్రమాణం రాసి స్వర్ణకు గంభీరంగా చదివి వినిపించాను. ఆమె కూరగాయలు తరుగుతూ, "ఇంకో మామగారు యాడున్నరు?" అంది. నా గాలి తీయడానికి ఇప్పుడు ఆమెకు బటన్ కూడా అక్కర్లేదు.