పెద్దల్లుడి పిడికెడు

ఆ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పెద్దల్లుడి ఉద్యోగం కలుపు పెంచడం. వినేవాళ్ళు నవ్వుతారు గానీ, అది అల్లాటప్పా కలుపు కాదు. ఆకుండదు, పచ్చదనముండదు. టమాటా వేరును పట్టుకుని, భూమిలోనే రసమంతా పీల్చి, తీరిగ్గా పైకొచ్చి ఊదారంగు పూలు పూస్తుంది. రైతు కంట్లో పడేసరికి పంట చేజారిపోయి ఉంటుంది. దుమ్ములాంటి దాని విత్తనం ఏళ్ళ తరబడి మట్టిలో పడుంటుంది, పక్కన తనకు నచ్చిన వేరు వాసన తగిలితేనే లేస్తుంది. అది పాకిన పొలాల్లో టమాటా ఊసే మానేశారు. దాన్ని తట్టుకునే మొక్క కావాలంటే ముందు దాన్ని పెంచేవాడొకడు ఉండాలి. ఆ పనిలో పెద్దల్లుడికి తిరుగులేదు.

అత్తగారింట్లోనూ తిరుగులేదు, చిన్నల్లుడు వచ్చేదాకా.

చిన్నల్లుడు అదే కేంద్రంలో కొత్తరకం టమాటా తయారుచేస్తున్నాడు. "మా చిన్నల్లుడి మొక్క రైతుల్ని గట్టెక్కిస్తుందట!" అని అత్తగారు వీధి వీధంతా చెప్పుకుంది. ఆ ఇంట్లో కిటికీ పక్కనున్న వాలుకుర్చీ ఇన్నాళ్ళూ పెద్దల్లుడిది. ఒక ఆదివారం వెళ్ళేసరికి అందులో చిన్నల్లుడున్నాడు.

"మీరు ఇంట్లోవాళ్ళే కదా బాబూ, ఆ స్టూలు లాక్కోండి" అంది అత్తగారు.

ఆ స్టూలుకు ఒక కాలు పొట్టి. తిరిగొచ్చేటప్పుడు పెద్దల్లుడు దారిపొడుగునా మొహం మాడ్చుకునే ఉన్నాడు.

"మా చెల్లెలి మొగుడి మీద ఎందుకండీ మీకంత ఏడుపు?" అంది భార్య.

"ఏడుపా? నాకా?" అని గయ్యిమన్నాడు గానీ, అది ఏడుపే.

చిన్నల్లుడి మొక్కకు పరీక్ష వచ్చింది. ప్రతి కుండీలోనూ చెంచాడు కలుపు విత్తనం కలపాలి. పోల్చి చూడ్డానికి పెట్టిన మామూలు టమాటా కుండీల్లో పెద్దల్లుడు పద్ధతి ప్రకారమే కలిపాడు. చిన్నల్లుడి కుండీల దగ్గరకొచ్చేసరికి చెంచా పక్కన పడేసి పిడికిళ్ళతో కుమ్మరించాడు. 'ఇప్పుడు కూర్చో కుర్చీలో' అనుకున్నాడు.

మామూలు కుండీల్లో ఊదాపూలు విరగబూశాయి. చిన్నల్లుడి కుండీల్లో ఒక్క మొగ్గ లేదు. పెద్దల్లుడు రోజూ టీ కూడా తాగకుండా వెళ్ళి, "రావే తల్లీ, ఒక్కదానివన్నా రా" అని మట్టిని బతిమాలుకున్నాడు. అది వినలేదు.

చివరికి పెద్దాఫీసరు ఆ మొక్కలు పీకించి, పళ్ళెంలో వాటి వేళ్ళు కడిగించాడు. నీళ్ళ అడుగున విత్తనం నల్లటి పొరలా పేరుకుంది.

"ఎవరయ్యా ఇది వేసింది?"

పెద్దల్లుడు తల గోక్కున్నాడు. "నేనేనండి. చెయ్యి కాస్త జారింది."

"జారడమేంటయ్యా, బోర్లా పడింది! ఇంత పోసినా ఒక్కటీ వేరు పట్టలేదంటే ఈ మొక్కకిక ఎదురులేదు. ఇకమీదట పరీక్షలన్నిటికీ ఇంతే వెయ్యండి."

చిన్నల్లుడు పరుగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు. "నా మొక్క మీద నీకింత నమ్మకమా అన్నయ్యా!"

పెద్దల్లుడు ఆ కౌగిట్లోంచే పళ్ళెం అడుగునున్న నల్లటి పొరను చూశాడు.

ఆ ఆదివారం చిన్నల్లుడు అతన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వాలుకుర్చీలో కూర్చోబెట్టాడు. "ఇవాళ ఇది నీదే అన్నయ్యా" అంటూ తను స్టూలు లాక్కున్నాడు. పెద్దల్లుడు వెనక్కి వాలాడు. కిటికీలోంచి గాలి బాగానే వస్తోంది.

అత్తగారు మంచినీళ్ళు తెచ్చింది. వాలుకుర్చీ పక్కనుంచే నడిచి వెళ్ళి, "అయ్యో బాబూ, స్టూలు మీద నడుం నొప్పెట్టదూ?" అంటూ గ్లాసు చిన్నల్లుడి చేతికిచ్చింది.