పాలొద్దన్న పాప

మా పాపకు అప్పుడు పది నెలలు. భవానీపురంలో మా అత్తగారింట్లో ఉండేవాళ్ళం. పాలసీసా చూపిస్తే మొహం తిప్పేసుకునేది గానీ, కంచం చప్పుడు వింటే చాలు, గబగబా పాకుతూ వచ్చేసేది. మెత్తగా పిసికిన పప్పన్నమంటే ప్రాణం.

ఓ ఆదివారం అందరం కింద కూర్చుని భోంచేస్తున్నాం. నేను నెయ్యి తేవడానికి లేచానంతే, పాప మావారి కంచంలోని గారె ముక్క లాగి నోట్లో పెట్టేసుకుంది. తిరిగొచ్చేసరికి నోరు తెరిచే ఉంది గానీ ఏడుపు రావడం లేదు. పెదాలు నీలంగా మారుతున్నాయి. నేను కొయ్యబారిపోయాను. మావారు దాని నోట్లో వేలు పెట్టబోయారు.

"వద్దురా, లోపలికి పోద్ది! ఇటియ్యి!" అంటూ అత్తయ్యగారు పాపను లాక్కున్నారు. ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, తల కిందికి వంచి, వీపు మీద అరచేత్తో గట్టిగా చరిచారు. బల్లిని చూసినా కేకలు పెట్టే మనిషి, ఆవిడ చెయ్యి కాస్తయినా వణకలేదు. ముక్క బయటపడింది. పాప గుక్కపెట్టి ఏడ్చింది. అంత తియ్యటి ఏడుపు నేనెన్నడూ వినలేదు.

డాక్టరుగారు చూసి, భయం లేదన్నాక ఇంటికొచ్చాం.

"ఇవాళ్టికి పాలే పడదామండీ" అన్నాను అత్తయ్యగారితో.

పాప సీసా తోసేసి, పప్పన్నం గిన్నె చూసి నోరు తెరిచింది. అత్తయ్యగారు కళ్ళు తుడుచుకుంటూ మెత్తటి ముద్ద పెట్టారు. మేమంతా ఇంకా భయంభయంగా చూస్తూనే ఉన్నాం. చావు దాకా వెళ్ళొచ్చిన ఆ చిన్ని నోరు మాత్రం అన్నాన్ని నమ్మకంగా అందుకుంది.