జెల్ల కడుపులోని మట్టి

ఈ నెల పన్నెండవ తేదీ, ఆదివారం ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు, బాన్సువాడ చేపల అంగడిలో నా ముందున్న పెద్దమనిషి, కోసిన జెల్ల కడుపులోంచి జారిన నల్లటి బురదను చూసి, "మట్టి తినే చేప, నాకొద్దు" అని సంచి మడుచుకుని వెళ్లిపోయాడు. ఆ చేపను నేను తీసుకున్నాను. ఒకప్పుడు అదే మాటను నేను తొంభై పేజీల్లో రాసి, బైండింగ్ కూడా చేయించాను.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటివాణ్ని నేను. సముద్రతీరపు ఉప్పునీటి సరస్సుల్లో అడుగున తిరిగే జెల్లలు ఏం తింటాయన్నది పీజీ చివరి ఏడాదిలో నా పరిశోధనాంశం. కడుపు కోసి, అందులో ఏది ఎక్కువుంటే అదే ప్రధానాహారమని రాయడం నా పద్ధతి. దాదాపు ప్రతి కడుపులోనూ బురదే ఎక్కువ. కనుక బురదే ఆహారమని తేల్చాను. మౌఖిక పరీక్షకు ఎనిమిది రోజులుండగా, మిగిలిన నమూనాల సీసాలతో ఇంటికి వచ్చాను. అవి చెడకుండా పోసిన మందు వాసనకు మా అమ్మ వాటిని గడప దాటనివ్వలేదు. చోటిచ్చింది మా మేనత్త. ఆమె నిజాంసాగర్ చేపలు తెచ్చి ఈ అంగడిలోనే అమ్మేది. బూడిద అద్దిన చేత్తో జెల్లను పట్టి, ముళ్లు గుచ్చుకోకుండా కత్తిపీట మీద కోయడం ఆమెకు ముగ్గు వేసినంత తేలిక.

"ఏం తింటదని రాసినవ్ బిడ్డా?"

"మట్టి, అత్తా."

ఆమె తలెత్తింది. "బువ్వల ఇసుక వస్తది. గంతమాత్రాన నువ్వు ఇసుక తిని సదివినవంటనా?"

"గిది సముద్రం దిక్కు జెల్ల అత్తా, వేరే ఉంటది."

"సముద్రం నేను సూడలే. జెల్లను సూసిన. మీసాలతోని బురద దేవులాడి పురుగును గుంజుకుంటది. పురుగు కరిగిపోతది, మట్టి మిగుల్తది. నువ్వు మిగిలింది సూసి రాసినవ్."

పాత చీర ముక్కను తపేలా మీద బిగించి, ఒక సీసాలోని బురదను దాని మీద పోయించి, నీళ్లు వంపింది. మట్టి జారిపోయింది. గుడ్డ మీద రొయ్య కాళ్లు, నూకంత పీత డెక్క, పురుగుల సన్నని ముళ్లు, నత్తగుల్లల పెంకులు మిగిలాయి. చూస్తున్నకొద్దీ నా డిగ్రీ కూడా ఆ నీళ్లతోనే పోతున్నట్లు అనిపించింది.

"ఇగ మల్ల రాయి," అని ఆమె తిరిగి కత్తిపీట ముందు కూర్చుంది.

మర్నాడు మొదటి బస్సెక్కి, గురువుగారి ముందు తప్పు ఒప్పుకున్నాను. ఆయన పరీక్షను ఆరు నెలలు వెనక్కి జరిపారు. ప్రతి సీసాలోని బురదనూ గుడ్డ మీద కడిగాను, మళ్లీ రాశాను, గట్టెక్కాను. పుస్తకంలో "సన్నని వస్త్రముతో జల్లించడమైనది" అని రాశాను. ఆ వస్త్రం ఎవరిదో రాయలేదు. చేపలమ్మే ఆడమనిషి దగ్గర నేర్చుకున్నానంటే పరీక్షకులు ఏమనుకుంటారోనని జంకాను. చదువు రాని మేనత్త ఆ పేజీలు తిప్పి చూసి, "గా బట్ట ముచ్చట రాసినవా?" అని అడిగింది. రాసిన, అన్నాను. ఆమె తృప్తిగా తలూపింది.

ఇప్పుడు ఆ అంగడిలో ఆమె లేదు. మొన్నటి ఆదివారం తర్వాత మారింది ఒక్కటే: నేను పాఠాలు చెప్పే కాలేజీలో, తరగతిలో ఆ పద్ధతి చెప్పేటప్పుడు, అది బాన్సువాడలో చేపలమ్మిన మా మేనత్త నేర్పిందని చెబుతున్నాను. ఆ ఒక్క వాక్యం గొంతు దాటడానికి ఇరవై ఆరేళ్లు పట్టింది.