అత్త ఎందుకు నొక్కలేదంటే

పోయిన నెలలో మా మేనత్త కాలం చేసింది. నేను బెంగళూరులో ఆఫీసులో ఉండగా అన్న ఫోను చేశాడు. "అత్త పోయిందిరా, బయలుదేరు" అన్నాడు. "ఏ అత్త?" అని అడిగాను. నాకున్నది ఒక్కతే అత్త. తెలిసీ ఎందుకడిగానో! ధర్మపురి బస్సులో హోసూరు దాటేదాకా కన్నీళ్ళు రాలేదు. కృష్ణగిరిలో పక్కసీటు పెద్దాయన "ఒంట్లో బాగాలేదా తంబీ" అని అడగగానే ఇక ఆపుకోలేకపోయాను.

అత్తది ధర్మపురి దగ్గర పెరియంపట్టి. ఇరవై రెండేళ్ళకే మొగుడు పోతే పుట్టింటికి తిరిగొచ్చింది. అప్పటికి మా నాయనమ్మ లేదు, చిన్నాయనకు ఆరేళ్ళు. పేరుకు అక్కే గాని అతనికి తల్లి ఆమే. అతనికి పెళ్ళయి పక్కింట్లో కాపురం పెట్టాక కూడా, పొలం నుంచి వస్తే ముందు అక్క గడపలో కూర్చుని మంచినీళ్ళు తాగి, తర్వాతే తన ఇంటికి పోయేవాడు. అత్తకు ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. చింతపండు బేరగాళ్ళతో మాత్రం తమిళంలో దంచేసేది. మేము ఇంట్లో ఆ భాష మాట్లాడితే "గడప బయట అరవం, గడప లోపల మన మాట" అని కసిరేది. టీవీ వచ్చిన కొత్తలో, తల దువ్వుకునేటప్పుడు దాని మీద తువ్వాలు కప్పేది. కాసేపు చూశాక "చాలు ఆపండి, దానికీ కండ్లు మండుతుంటాయి" అనేది. మేము పడీ పడీ నవ్వేవాళ్ళం. నాకు నోరెక్కువ కాబట్టి అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

మూడేళ్ళ కిందట మద్రాసు నుంచి టీవీ వాళ్ళు వచ్చి, చిన్నాయనను తన రాగి చేలో నిలబెట్టి మాట్లాడించుకుని పోయారు. సాయంత్రం వచ్చే వ్యవసాయం కార్యక్రమంలో ఫలానా రోజు వేస్తామని తర్వాత ఉత్తరం రాశారు. సరిగ్గా ఆ రోజే ఏ. పళ్లిపట్టి అనే ఊళ్ళో చిన్నాయన భార్య, మా చిన్నమ్మ చెల్లెలి పెళ్ళి. పెళ్ళికి పోకపోతే చిన్నమ్మ ఊరుకోదు. చిన్నాయన ముఖం వాడిపోయింది. అత్త నాకు కబురు పెట్టింది.

"టీవీలో వచ్చింది పట్టిపెట్టే మిషను ఉందంట కదరా? నేనెట్లాగూ కల్యాణానికి పోయేది లేదు. చిన్నోని మాట పట్టిపెడతాను. నాకు చేతనయ్యేది ఒకటి చూసియ్యి."

ఆమెనే బెంగళూరు తీసుకుపోయాను. షాపతను మొదట కొత్త రకం చూపించాడు. "దీనికి టైమరు ఉంది. మీరు ఇంట్లో లేకపోయినా అదే రికార్డు చేసుకుంటుంది" అన్నాడు. కరెంటు పోతే దాని గడియారం మళ్ళీ మొదటికొస్తుంది. మా ఊళ్ళో కరెంటు పోని రోజేది? అత్త అయితే ఆ మాట వినగానే వద్దంది. "నేను ఇంట్లో లేని దినమేది నాయనా? మనిషి ఉండంగా మిషనుకు ఎందుకా పని?" రెండోదానికి రిమోటు ఉంది, బియ్యపు గింజలంత బటన్లు. దాన్ని చేతిలో తిప్పి చూసి, పడేస్తుందేమోనని భయపడినట్టు జాగ్రత్తగా తిరిగిచ్చేసింది. మూలన ఒక పాత మిషను ఉంది. క్యాసెట్టు పైనుంచి పెట్టాలి, బటన్లు హార్మోనియం మెట్లంత వెడల్పు. అత్త ఒకటి నొక్కింది. టక్కుమంది. ఇంకోటి నొక్కింది. ముఖం విప్పారింది.

"ఇది చాలురా. ఇది నొక్కితే బదులు చెప్తుంది. తక్కినవి మూగవి."

దాంట్లో రికార్డు చేయాలంటే రెండు బటన్లు ఒకేసారి నొక్కాలి. అవేవో గుర్తుండాలి కదా! పెళ్ళి రోజు మధ్యాహ్నం, బండి ఎక్కే ముందు, నాకు గొప్ప ఆలోచన వచ్చిందనుకున్నాను. కొత్త మిషనుకు పూజ చేసినట్టూ ఉంటుంది, గుర్తు పెట్టినట్టూ ఉంటుందని, కుంకుమ తడిపి ఆ రెండు బటన్ల మీద దిట్టంగా బొట్లు పెట్టాను. "అత్తా, ఈ ఎర్రవి రెండూ కలిపి నొక్కు, అంతే" అన్నాను. ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి "సరే పొండి, పొద్దుపోతా ఉంది" అంది. నా తెలివికి నేనే మురిసిపోతూ పెళ్ళికి పోయాను.

మరునాడు పొద్దున అందరం బిలబిలమంటూ ఆమె ఇంట్లోకి దూరాం. క్యాసెట్టు వేస్తే ఏమీ లేదు. "రెండు బటన్లు అత్తా! రెండంటే రెండు! చిన్నబిడ్డ కూడా నొక్కుతుందే!" అని అందరి ముందూ అరిచాను. అత్త తల వంచుకుని "మర్చిపోయినాను" అంది. చిన్నాయన నవ్వేశాడు. "పోనీలే అక్కా. నేను ఇక్కడే ఉండాను కదా, నన్ను చూడు."

అందరూ పోయాక మళ్ళీ అడిగాను. అప్పుడు చెప్పింది.

"కుంకుమ పెట్టినావు కదరా. నా చేయి దాని పైన పెట్టేదెట్లా? అందులోనా చిన్నోని ముఖం పట్టే మిషను. వానికి ఏమన్నా అయితే?"

"తుడిచేసి నొక్కి ఉంటే సరిపోయేది కదత్తా."

"కుంకుమ తుడిచేదా?" అంది. "నా చేత్తోనా?"

ఆ సాయంత్రం ముత్తయిదువను ఎవరినైనా పిలుద్దామని వీధి చివరిదాకా పరుగెత్తిందట. సగం ఊరు పెళ్ళికి పోయింది, తక్కినవాళ్ళు చేలల్లో ఉన్నారు. తిరిగొచ్చేసరికి చిన్నాయన టీవీలో మాట్లాడుతున్నాడు. మిషను పక్కన చేతులు కట్టుకుని నిలబడి, అయిపోయేదాకా చూసిందట.

"ఎవురికీ చెప్పొద్దురా. నువ్వు మంచికే చేసినావు. మరదలికి తెలిస్తే నిన్ను తిడుతుంది. పెదవి దాటితే పృథివి దాటుతుంది. నాకు తెలియలేదనే అనుకోనీ."

నేను ఆ బొట్లు తుడిచేసి, వాటి చోట రెండు చింతగింజలు అంటించాను. ఒక్కసారి చూపించగానే నేర్చుకుంది. కాని ఆ కార్యక్రమం మళ్ళీ వేయలేదు.

ఐదు నెలలకు చిన్నాయన పోయాడు. గుండెపోటు. అతని పెళ్ళి ఫోటో ఒక్కటే మిగిలింది, గొంతు ఎక్కడా లేదు. శవం ముందు చిన్నమ్మ గుండెలు బాదుకుంటూ "రెండు బటన్లు వదినా! నొక్కింటే ఆయప్ప మాటన్నా ఉండునే!" అని ఏడ్చింది. నేను అక్కడే ఉన్నాను. చెప్పాల్సింది అప్పుడే. అత్త నా వంక చూసి చెప్పొద్దన్నట్టు తల ఊపింది. ఆ తల ఊపడం చాటున దాక్కున్నాను. పిరికివాడికి ఆ మాత్రం సాకు చాలదూ? ఆ రోజు నుంచి చిన్నమ్మ ఆమెతో మాట్లాడలేదు. రెండిళ్ళకూ మధ్య ఉన్నది ఒక్క గోడే. రెండేళ్ళపాటు అత్త సంగటి చేసిన ప్రతి రోజూ ఒక ముద్ద గోడ మీద పెట్టి వచ్చేది. సాయంత్రానికి అది అక్కడే ఉండేది, కాకులు మిగిల్చినంత. నేను ఊరికి వచ్చినప్పుడల్లా అది చూశాను. చూసి బెంగళూరు బస్సెక్కాను.

దినాల రోజు అత్త ఫోటో ముందు ఆకు వేసి, ఆమెకు ఇష్టమైనవన్నీ వడ్డించారు. చిన్నమ్మ వచ్చింది, కాని ఆకు దగ్గరికి రాకుండా దూరంగా గోడకు ఆనుకుని కూర్చుంది. అత్త అమాయకత్వం గురించి మాటలు నడుస్తున్నాయి. ఎవరో "పాపం, ఆ మిషను ఆమెకు తెలియనే లేదు" అని నవ్వారు. లేచి నిలబడ్డాను. కుంకుమ నేను పెట్టానని, తమ్ముడికి కీడు జరుగుతుందనే ఆమె ముట్టలేదని, నాకు చెడ్డపేరు రాకూడదనే నోరు మూసుకుందని, మొత్తం చెప్పేశాను.

చిన్నమ్మ నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆమె తన ఖాళీ నుదుటి మీద చేయి పెట్టుకుంది. తర్వాత మెల్లగా లేచి వచ్చి ఆకు ముందు చతికిలబడింది. సంగటి ముద్ద తుంచి, పులుసులో అద్ది, ఫోటో దగ్గరికి చేయి చాచింది. పులుసు మోచేతి దాకా కారుతోంది. అయినా ఆమె చేయి దించలేదు.

"తిను వదినా" అంది.