గేరు రాడ్డు మీద చెయ్యి

మా కారు చాలా పాతది. కొన్నప్పుడు మా వీధి మొత్తానికి అదొక్కటే కారు. ఇప్పుడు వీధిలో ఉన్న కార్లలో అదొక్కటే కారులా కనిపించదు. ఈ మాట నేనంటే మా ఆయనకి కోపం వస్తుంది. నేను గొలుగొండ హైస్కూల్లో సైన్సు చెబుతాను. రోజూ పొద్దున్నే ఆ కారులో నన్ను స్కూలు దగ్గర దింపి, వెనక్కి నర్సీపట్నం వచ్చి తన ఆఫీసుకి వెళ్తారు. షేరాటోలో పోతానంటే ఒప్పుకోరు. అదంతా నా సుఖం కోసమేనని ఆయన అంటారు. కారు తోలుకునే సుఖం కోసమని నేనంటాను.

రెండు మూడేళ్ళుగా ఆయనకి చెవులు మందగించాయి. వాళ్ళ నాన్నగారికీ ఈ వయసులోనే మొదలైందట. వైజాగ్ వెళ్ళి చెవి డాక్టరుకి చూపించుకుందామని ఎన్నోసార్లు పోరాను.

"నా సెవులు బానే ఉన్నాయి. నువ్వే గొణుగుతావు," అనేవారు.

వెనక బెంచీలో నిద్రపోయేవాణ్ణి కూడా లేపే గొంతు నాది! ఇంట్లో అరిచి అరిచి, స్కూల్లో పాఠం చెప్పే వేళకి గొంతు బొంగురుపోయేది. ఒకరోజు గట్టిగా పట్టుబడితే అసలు భయం బయటపడింది.

"సెవిటోడని ముద్ర పడిపోయేక స్టీరింగు ఎవడిస్తాడే?" అన్నారు.

ఆయనకి సిగరెట్టు లేదు, పేకాట లేదు, సినిమాల పిచ్చి లేదు. ఉన్నదల్లా ఆ స్టీరింగే. అందుకని ఆ తర్వాత నేనా మాట ఎత్తలేదు. కానీ వెనకనుంచి లారీవాడు హారను మీద హారను కొడుతున్నా ఈయన రోడ్డు మధ్యలో తాపీగా పోతుంటే, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునేదాన్ని.

మొన్న చలికాలంలో కారు మొరాయించడం మొదలుపెట్టింది. పొద్దున్నే ఓ పట్టాన స్టార్టయ్యేది కాదు. కల్వర్టు ఎక్కేటప్పుడు ఎక్కిళ్ళు పెట్టేది. పెట్రోలు మాత్రం మంచినీళ్ళలా తాగేది. ఎప్పుడూ చూపించే మెకానిక్కు దగ్గరికి తీసుకెళ్తే, అతను స్పార్కు ప్లగ్గులు విప్పి ఒక్కొక్కటీ మా ముందు పెట్టాడు. కొసలు అరిగి, మసి పట్టి నల్లగా ఉన్నాయి. నిప్పురవ్వ సరిగ్గా పడటం లేదని, పెట్రోలు కొంత కాలకుండానే పోతోందని చెప్పాడు. ఇంజనాయిలు సంగతి సరేసరి, తారులా ఉంది.

"ప్లగ్గులు మార్సీసి, సింథటిక్ ఆయిల్ పోసీద్దాం సార్. ఇంజను సుఖంగా తిరుగుద్ది. కాపోతే పాత బండి కదా, లోపల పేరుకున్న మడ్డి వదిలితే ఎక్కడన్నా కాస్త కారొచ్చు. కింద మరకలు పడతన్నాయేటో సూసుకోండి," అన్నాడు.

"ముసిలి కడుపుకి కొత్త నెయ్యి అరుగుద్దేటి?" అని మా ఆయన అనుమానం.

"ముందు పొయ్యి వెలగనివ్వండి. అరుగుదల సంగతి తర్వాత చూద్దాం," అన్నాను నేను.

పాత ప్లగ్గులు కాగితంలో చుట్టించుకుని మరీ తెచ్చుకున్నారు. మార్చిన సామాను చేతికి పుచ్చుకుంటే తప్ప మా వాళ్ళకి మార్చినట్టు నమ్మకం కుదరదు. మిక్సీ అయినా, కుళాయి అయినా అంతే. పనికిరాదని తేలిన ముక్క ఇంటికి రావాల్సిందే. ఈసారి ఆ పొట్లం కారు డాష్‌బోర్డులో చేరింది.

మర్నాడు ఇది మన కారేనా అనిపించింది. తాళం తిప్పీ తిప్పగానే అందుకుంది. వణుకు లేదు, ఎక్కిళ్ళు లేవు. గొలుగొండ దారిలో చెరకు నరుకుతున్నవాళ్ళ మాటలు కూడా కిటికీలోంచి వినబడ్డాయి. అంత నెమ్మదిలో, ఇంజను లోపలెక్కడో సన్నగా టిక్‌టిక్‌మనడం కూడా నా చెవిన పడింది.

"ఏవండీ, లోపల ఏదో టిక్‌టిక్‌మంటోంది, చూశారా?" అన్నాను.

ఆయన మొహం ముడుచుకుని రోడ్డు చూస్తున్నారు.

ఆ సాయంత్రంనుంచి మొదలైంది అసలు గొడవ. ఇంజను నడుస్తూండగానే మళ్ళీ తాళం తిప్పేవారు. అది గర్రుమని అరిచేది.

"స్టార్టవలేదు," అనేవారు.

"అయిందండీ!"

"అవలేదంటన్నాను కదా!" అని ఇంకోసారి తిప్పేవారు.

రోడ్డెక్కాక రెండో గేరులోనే లాగించేవారు. ఇంజను గగ్గోలు పెడుతున్నా గేరు మార్చేవారు కాదు. మార్చారా, ఇంక స్పీడు బ్రేకరు దగ్గర దించడం మర్చిపోయి నడిరోడ్డు మీద ఆపేసేవారు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, తిట్లన్నీ ఆయిలుకి.

"పల్సటి ఆయిలు పోసీసి, బండికి పట్టు లేకుండా సేసీసేడు!"

వారం తిరక్కుండానే మళ్ళీ మెకానిక్కు దగ్గరికి వెళ్ళాం. అతను కారెక్కి ఒక చుట్టు తిప్పి తెచ్చాడు.

"వెన్నపూసలా ఉన్నాది సార్. ఏటండి కంప్లయింటు?"

మా ఆయన డాష్‌బోర్డులోంచి పొట్లం తీసి అతని చేతిలో పెట్టారు. "ఇవే బిగించీ," అన్నారు.

మెకానిక్కు నోరు తెరిచి నా వంక చూశాడు. ఈయనతో వాదించే ఓపిక లేక, కానివ్వమని తల ఊపాను.

పాత ప్లగ్గులతో కారు ధడధడలాడుతూ స్టార్టయింది. సీటు అదిరింది, అద్దాలు అదిరాయి. మా ఆయన మొహం వెలిగిపోయింది. "ఇదీ బండంటే!" అన్నారు. చేసేదేముందని పక్కకి చూశాను. ఆయన ఎడమచెయ్యి గేరు రాడ్డు మీద ఉంది. పట్టుకోవడం కాదు, నాడి చూస్తున్న వైద్యుడిలా అరచెయ్యంతా ఆనించి ఉంచారు. వణుకు పెరగగానే గేరు మార్చారు. తగ్గగానే దించారు. ఒక్కసారి కూడా తప్పలేదు.

అప్పుడు తెలిసింది నాకు. ఈయన బండిని చెవులతో వినడం ఎప్పుడో మానేశారు. అరచేత్తో వింటున్నారు. మేం వదిలించిన ఆ వణుకే ఆయనకి అన్ని కబుర్లూ చెబుతోంది. ఆయిల్ని తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి, నవ్వు రావాల్సింది పోయి ఏడుపొచ్చింది. చెవులు వినబడవన్న ఒక్క మాట దాచుకోవడానికి ఈ మనిషి ఎంత కష్టపడ్డాడు!

నా చెయ్యి ఆయన చేతి మీద వేశాను. ఆయన నా వైపు చూశారు. మెల్లగా రోడ్డు పక్కకి తీసి కారు ఆపారు.

"కనిపెట్టీసేవు," అన్నారు.

ఆయన మొహానికి మొహం పెట్టి, ఒక్కో మాటా విడదీసి చెప్పాను. "వెనక లారీ వస్తోందని ఆ రాడ్డు చెప్పదు కదండీ."

ఆయన స్టీరింగుని ఓసారి నిమిరారు. తర్వాత, "సెవిలో మిషను పెట్టుకుంటే బండి నడపనిస్తారంటావా?" అని అడిగారు. అంత బెరుకుగా ఆయన నన్నేదీ అడగ్గా నేనెరగను.

"డాక్టర్నే అడుగుదాం. అందాకా నేను షేరాటోలో పోతాను."

ఈసారి కాదనలేదు.

వైజాగ్ వెళ్ళాం. పరీక్షలయ్యాక, మిషన్లు పెట్టుకుంటే వినికిడి సరిపోతుందని, కారు నడుపుకోవచ్చని డాక్టరుగారు చెప్పారు. తిరిగొచ్చాక మెకానిక్కు చేత కొత్త ప్లగ్గులు మళ్ళీ బిగింపించారు. పాతవి పొట్లం కట్టమనకుండా అక్కడే వదిలేసి వచ్చారు. మా ఆయన అలా ఒక సామాను వదిలిరావడం నేను చూడటం అదే మొదలు.

మిషన్లతో మొదటిసారి నన్ను దింపడానికి బయల్దేరిన రోజు, తాళం ఒక్కసారే తిప్పారు. ఊరు దాటాం. తర్వాత తల కొంచెం వంచి విన్నారు.

"లోపల టిక్‌టిక్‌మంటన్నాది, ఏటది?"

"వాల్వులట. పాత ఇంజనుకి మామూలేనని మెకానిక్కు చెప్పాడు."

"ఇన్నాళ్ళూ ఉన్నాదా?"

"ఉంది."

"మరి నాకు సెప్పలేదేటి?"

"చెప్పానండీ."

ఆయన చెయ్యి అలవాటుగా గేరు రాడ్డు మీదే ఉంది. రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. అలాగే అడిగారు.

"ఇంకా ఏటేటి సెప్పేవు?"

ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. దూరంగా స్కూలు గేటు కనిపిస్తోంది. బెల్లుకి ఇంకా టైముంది.

"గేటు దాటి కాస్త ముందుకి పోనివ్వండి," అన్నాను, మామూలు గొంతుతో.

పోనిచ్చారు.